కర్గీ రోడ్: నాలుగెకరాలు, ఒక ట్రాక్టరు

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు పోయే రైలు మార్గంలో "రోడ్" అన్న తోక తగిలించుకొన్న స్టేషన్లు కొన్ని ఉన్నాయి: సల్కా రోడ్, కర్గీ రోడ్, పెండ్రా రోడ్. తెలుగు ప్రయాణికునికి ఇందులో వింతేమీ లేదు. ఆమదాలవలసలో దిగి, బోర్డు మీద "శ్రీకాకుళం రోడ్" అని చదువుకొన్నవారికి ఈ సంప్రదాయం తెలిసినదే. రైలు ఆగే ఊరు ఒకటి, బోర్డు మీది పేరు మరొకటి. కర్గీ రోడ్ స్టేషను ఉన్న ఊరు కోటా. రాజస్థాన్‌లోని కోటా కాదు. బిలాస్‌పూర్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, కొండలూ అడవులూ మొదలయ్యే చోట ఉన్న చిన్న పట్టణమిది. ఇక్కడి నుంచి ఒక దారి అచానక్‌మార్ పులుల అడవికి పోతుంది. మిగిలిన దారులన్నీ వరిచేలలోకి పోతాయి.

ఈ ఊరితో తెలుగువారికి చుట్టరికం కలిపినది రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఒక చేయి వాల్తేరు దాకా చాచింది. ఆ చేయి పట్టుకొని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారెందరో ఖరగ్‌పూర్‌కూ బిలాస్‌పూర్‌కూ ఉద్యోగాలకు వెళ్ళారు. పిల్లలు హిందీలో చదువుకొన్నారు. ఇంట్లో మాత్రం పండుగలు తెలుగు పంచాంగం ప్రకారమే జరిగాయి. మా మేనమామ అటువంటివారిలో ఒకరు. రైల్వేలో పదవీ విరమణ చేసి, కర్గీ రోడ్‌కు కొద్ది దూరంలో నాలుగెకరాల పొలం కొనుక్కొని అక్కడే స్థిరపడ్డారు. ఆయనకు అప్పుడొక సందేహం పట్టుకొన్నది: ట్రాక్టరు కొనాలా, వద్దా? కొంటే ఏది? చేతిలో ఉన్నది పదవీ విరమణ సొమ్ము. పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి మరో ఉద్యోగం లేదు.

ఇది ఒక్క మా మావయ్య సందేహం కాదు. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సగటు కమతం విస్తీర్ణం 1.08 హెక్టార్లు, అంటే రెండున్నర ఎకరాలకు కాస్త ఎక్కువ. నూటికి 86 కమతాలు రెండు హెక్టార్లకు లోపువే. అటువంటి దేశంలో నాలుగెకరాల రైతు అడిగే ప్రశ్న దేశమంతా అడిగే ప్రశ్నే.

నేల చెప్పే మాట

ఛత్తీస్‌గఢ్ రైతుకు నేలలన్నీ పేరుపేరునా తెలుసు. నల్లరేగడిని కన్హార్ అంటాడు. తేలికపాటి పసుపు నేలను మటాసీ అంటాడు. రెంటికీ నడిమిది డోర్సా. ఎర్రని కంకర నేల భాటా. మటాసీ త్వరగా ఆరిపోతుంది. వాన పడిన రెండు మూడు రోజుల్లోనే దున్నుకోవాలి. కన్హార్ తడిస్తే జిగురు, ఎండితే ఇనుము. ఒకే రైతుకు మెరక మీద ఒక మడి, పల్లంలో మరొక మడి ఉంటాయి. వాటి మధ్య గట్లు, ఆ గట్ల మీద చెట్లు. ఎంత బలమైన ట్రాక్టరైనా ఆ మడి మూలలో తిరగలేకపోతే దాని బలం వృథాయే.

దీనికి తోడు ఇక్కడ బియాసీ అనే పద్ధతి ఒకటున్నది. అనువాదమే వృత్తిగా పెట్టుకొన్న నేను ఈ మాటకు తెలుగులో సాటిమాట కోసం వెదికి, చివరకు వివరణతోనే సరిపెట్టుకొన్నాను. తొలకరికి వడ్లు వెదజల్లుతారు. మొలచిన నెల రోజులకు మడిలో నీరు నిలిచినప్పుడు, నిలిచి ఉన్న పైరులోనే తేలికపాటి నాగలితో దున్నుతారు. చూసేవారికి ఇది పంటను పాడుచేయడంలా తోస్తుంది. కాని ఆ దున్నకంతో కలుపు మట్టిలో కలిసిపోతుంది, ఒత్తుగా ఉన్న మొక్కలు పలచబడతాయి, మిగిలినవి బాగా పిలకలు వేస్తాయి. ఇది ఎద్దుల పని. ట్రాక్టరు చక్రాల కింద పైరు నలిగిపోతుంది. ఊళ్ళో ఎద్దులు తగ్గినకొద్దీ బియాసీ ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే కలుపు గెలుస్తుంది. కనుక ఇక్కడ ట్రాక్టరు కొనడమంటే యంత్రాన్ని ఎంచుకోవడం మాత్రమే కాదు, సేద్యపు పద్ధతినే ఎంచుకోవడం. ట్రాక్టరుతో దమ్ము చేసి నాట్లు వేస్తే కూలీల ఖర్చు, నీటి అవసరం పెరుగుతాయి. వెదజల్లితే ఎద్దులు కావాలి.

పాత యంత్రాల ఆకర్షణ

కోటా పరిసరాల్లో తిరిగేటప్పుడు మా మావయ్య కళ్ళు పాత ట్రాక్టర్ల మీదనే నిలిచేవి. రైలింజన్ల మధ్య బ్రతికినవారికి ఇనుము మీద మమకారం సహజం. ఆ మమకారం వెనుక ఒక చరిత్ర కూడా ఉన్నది.

ట్రాక్టరు అనే మాటకు మూలం "లాగు" అనే అర్థమున్న లాటిన్ ధాతువు. తొలినాటి ట్రాక్టర్లు అచ్చంగా ఆ పనే చేసేవి: నాగలిని వెనుక గొలుసుతో కట్టి లాగేవి. లాగుడుకు బరువు కావాలి గనుక అవి భారీగా ఉండేవి. ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్ నాగలిని మూడు చోట్ల బిగించి, హైడ్రాలిక్ శక్తితో ఎత్తి దించే పద్ధతిని రూపొందించాడు. నాగలికి నేల ఇచ్చే ఎదురుబలమే వెనుక చక్రాలను నేలకు అదిమి పట్టేటట్లు చేశాడు. దానితో తేలికైన ట్రాక్టరు కూడా బరువైన పని చేయగలిగింది. 1946 నుంచి 1956 వరకు తయారైన ఆయన చిన్న బూడిదరంగు ట్రాక్టర్లు అయిదు లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. ఎవరెస్టు వీరుడు ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరిలో దక్షిణ ధ్రువం చేరుకొన్నది ఆ రకం ట్రాక్టర్ల మీదనే. నేడు మన ఊళ్ళలోని ప్రతి ట్రాక్టరు వెనుకా కనిపించే మూడు కడ్డీల అమరిక ఆ ఆలోచన ఫలమే. చిన్న కమతానికి ట్రాక్టరును దగ్గర చేసినది అదే.

మన దేశంలో కథ మరొక విధంగా మొదలయింది. 1947లో ఏర్పడిన కేంద్ర ట్రాక్టరు సంస్థ, యుద్ధానంతరం మిగిలిన అమెరికన్ యంత్రాలతో మధ్యభారతంలో రెల్లు పట్టిన భూములను చీల్చే పని చేపట్టింది. మరిన్ని యంత్రాల కోసం 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల అప్పు ఇచ్చింది. అవి ప్రభుత్వపు యంత్రాలు. రైతు ఇంటి ముంగిట నిలిచే ట్రాక్టరు తరువాత వచ్చింది. 1959 ఏప్రిల్ 24న ఫరీదాబాద్ కర్మాగారం నుంచి ఐషర్ ట్రాక్టరు బయటికి వచ్చింది. 1960లో మద్రాసులో టాఫే ఏర్పడి మాసీ ఫెర్గూసన్ నమూనాలు చేపట్టింది. 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి మహీంద్రావారు రంగంలోకి దిగారు. వారి బి–275 చాలాకాలం ఊళ్ళను ఏలింది. 1971లో పింజోర్‌లో హెచ్.ఎం.టి., చెకోస్లొవేకియా జెటార్ సాంకేతికతతో 25 అశ్వశక్తి ట్రాక్టరు తయారుచేసింది. దుర్గాపూర్‌లోని పరిశోధనాలయంలో మనవారే రూపొందించిన స్వరాజ్ 724, 1974లో పంజాబ్‌లో వెలువడింది. విదేశీ నమూనా అరువు తెచ్చుకోకుండా తయారైనది గనుక ఆ పేరు దానికి తగినదే.

వీటిలో ఐషర్ ఒంటి సిలిండరు ట్రాక్టరుకు ప్రత్యేకమైన అభిమానులున్నారు. దాని ఇంజను గాలితోనే చల్లబడుతుంది. రేడియేటరు లేదు, నీరు పోసే పని లేదు. దాని లయ దూరం నుంచే గుర్తుపట్టవచ్చును. ఊరి మెకానిక్కు చేతిలోని నాలుగు పనిముట్లతో దానిని విప్పి బిగించగలడు. పాత యంత్రంలో రైతు మెచ్చేది ఈ గుణమే: చెడకుండా ఉంటుందని కాదు, చెడితే తనకు అర్థమవుతుందని.

అయితే అభిమానం వేరు, బేరం వేరు. పాత ట్రాక్టరు కొనేవారు కొన్నింటిని తప్పక పరీక్షించాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించి చూడాలి. ముందే వేడిచేసి ఉంచితే అనుమానించాలి. నీలిరంగు పొగ మానకుండా వస్తుంటే ఇంజను ఆయిలు మండుతున్నదని అర్థం. బరువైన పనిముట్టును ఎత్తి, అలాగే నిలిపి ఉంచాలి. కాసేపటికే అది కిందికి జారితే హైడ్రాలిక్ వ్యవస్థ అరిగిందన్నమాట. టైర్ల ధర బేరంలో కలుపుకోవాలి. రిజిస్ట్రేషన్ పుస్తకంలో అప్పు ఇచ్చిన సంస్థ పేరు ఇంకా ఉన్నదేమో చూడాలి. అన్నింటికన్నా ముఖ్యం విడిభాగాలు. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. అటువంటి యంత్రం కొనేవారు, దాని భాగాలు దగ్గరి పట్టణంలో దొరుకుతాయో లేదో ముందే విచారించుకోవాలి.

లెక్క తేల్చినది

కొత్త యంత్రాల్లోనూ చిన్న కమతానికి తగినవి ఇప్పుడున్నాయి. 15 నుంచి 25 అశ్వశక్తి గల చిన్న ట్రాక్టర్లు ఇరుకు మడిలోనూ, తోటల వరుసల మధ్యనూ తిరుగుతాయి. వాటిలో కొన్నింటి బరువు 800 కిలోలకు లోపే గనుక తడినేలలో తక్కువగా దిగబడతాయి. నాలుగు చక్రాలకూ శక్తి అందే రకమైతే దమ్ములో మరింత మేలు. ఇంకా చిన్నదైన పవర్ టిల్లరు దమ్ముకు చక్కగా పనికివస్తుంది. కాని దాని వెనుక నడిచే మనిషికి ఒంట్లో సత్తువ ఉండాలి. అరవై దాటినవారు ఆ సంగతి ఆలోచించుకోవాలి.

మా మావయ్య కాగితం మీద పాతదీ కొత్తదీ పక్కపక్కన రాసి మంచిచెడ్డలు బేరీజు వేస్తుంటే, మా అత్తయ్య ఒక్కటే అడిగింది: "ఇంతకీ ఏడాదిలో దానికి ఎన్ని గంటల పని?"

లెక్క వేశారు. రెండు పొడి దున్నకాలు, రెండు దమ్ములు. నాలుగెకరాలకు అన్నీ కలిపి 20 గంటలకు కాస్త అటూ ఇటూ. ధాన్యం, ఎరువు తోలడానికి మరో 20 గంటలు. వ్యవసాయ ఇంజనీర్లు ట్రాక్టరు ఖర్చు లెక్కగట్టేటప్పుడు ఏడాదికి 1000 గంటల పని ఉంటుందని అనుకొంటారు. ఆ వెయ్యిలో మావయ్య పొలం ఇవ్వగలిగినది నలభై. తక్కిన తొమ్మిదివందల అరవై గంటలు ఇంటి ముందు నిలబడినా వడ్డీ ఆగదు.

అయితే అద్దెకు తెచ్చుకోవచ్చు కదా అని చదువరులు అనవచ్చు. ఊళ్ళో అద్దె ట్రాక్టర్లున్నాయి. 2014–15 నుంచి కేంద్రప్రభుత్వ పథకం కింద అద్దె కేంద్రాలకు సహాయం కూడా అందుతున్నది. చిక్కల్లా ఒక్కటే: వాన అందరికీ ఒకే రోజు పడుతుంది. ఆ రోజు ట్రాక్టరు యజమాని ముందు తన పొలం దున్నుకొంటాడు, తరువాత పదెకరాల ఆసామి దగ్గరికి పోతాడు, చివరకు నాలుగెకరాల వాడి దగ్గరికి వస్తాడు. అప్పటికి మటాసీ నేల ఆరిపోయి ఉంటుంది. చిన్నరైతు ట్రాక్టరు కొనాలని తహతహలాడేది గొప్పకోసం కాదు, ఆ మూడు రోజుల కోసం.

జాన్ స్టైన్‌బెక్ 1939లో ప్రచురించిన "ది గ్రేప్స్ ఆఫ్ రాత్" నవలలో ట్రాక్టరు వచ్చి కౌలురైతుల ఇళ్ళను కూలుస్తుంది; అది బ్యాంకు పంపిన ట్రాక్టరు. మన ఊళ్ళలో ట్రాక్టరు తనంత తాను ఇల్లు కూల్చదు. తీరని వాయిదాల రూపంలో మాత్రం ఆ పని చేయగలదు. ఎవరి చేతిలో ఉన్నది, ఎన్ని ఎకరాలు దాని మీద ఆధారపడినవి అన్నదే అక్కడా ఇక్కడా అసలు విషయం.

చివరకు మావయ్య, ఇరుగుపొరుగు రైతులు ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ముగ్గురి పొలమూ కలిపితే పదిహేనెకరాలు. ముగ్గురూ తలా కొంత వేసుకొని, అప్పు లేకుండా, 25 అశ్వశక్తి పాత ఐషర్ ఒకటి కొన్నారు. మిగిలిన రోజుల్లో దానిని బయటి పనులకు తిప్పి, వచ్చిన అద్దెను మరమ్మతుల నిధిగా ఉంచుతారు. తొలివాన పడినప్పుడు ఎవరి మడి ముందు దున్నాలన్నది ఏటేటా మారుతుంది. ఆ వంతులు ఒక నోటు పుస్తకంలో రాసి ముగ్గురూ సంతకాలు పెట్టారు. వారిలో ఒకరి ఎడ్లజతను అమ్మలేదు. పల్లపు మడుల్లో బియాసీకి అవే దిక్కు. వాటి మేత ఖర్చు కూడా ముగ్గురిదే.

ఛత్తీస్‌గఢ్‌లో హరేలీ నాడు నాగలీ, పారా, కొడవలీ కడిగి పూజిస్తారు. ఇప్పుడు ఆ వరుసలో ట్రాక్టరు కూడా నిలబడుతున్నది. మరుసటి అమావాస్య పోలా, ఎద్దుల పండుగ. పిల్లలు మట్టి ఎద్దులను ఆడించుకొంటారు. మన పంచాంగంలో అదే రోజు పొలాల అమావాస్య. మా అత్తయ్య శ్రీకాకుళం నుంచి తెచ్చుకొన్న ఆ పండుగను, పొరుగింటివారు తమ పోలాను, ఏటా ఒకేనాడు జరుపుకొంటారు. ట్రాక్టరుకు ఒక అమావాస్య, ఎద్దులకు మరొకటి. ఆ పదిహేనెకరాలకూ రెండూ కావాలి.