గోల్‌లో జమోరా ఉన్నాడుగా!

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. మనం జమోరా అంటాం గానీ, మాడ్రిడ్ వాళ్ళ నోట అది ‘థమోరా’. నాలుక కొసని పళ్ళ మధ్య పెట్టి పలకాలి. రెండుసార్లు ప్రయత్నించాను, ఇంట్లో వాళ్ళు పంటినొప్పా అని అడిగారు. కాబట్టి ఈ పూటకి జమోరా అనే కానిద్దాం. ఆ పేరుతో స్పెయిన్‌లో ఒక కోట ఊరు కూడా ఉంది. 1072లో శత్రువులు నెలల తరబడి చుట్టుముట్టినా లొంగలేదట. జమోరా ఒక్క గంటలో చిక్కలేదు అని ఇప్పటికీ అక్కడ సామెత చెప్పుకుంటారు. గోల్‌కీపర్‌కి ఇంతకన్నా అచ్చొచ్చిన ఇంటిపేరు దొరుకుతుందా, మీరే చెప్పండి!

రికార్డో జమోరా 1901 జనవరి 21న బార్సిలోనాలో పుట్టాడు. తండ్రి వైద్యుడు. కొడుకూ వైద్యుడే కావాలని ఆయన పట్టు. తండ్రుల పట్టు ఏ దేశంలోనైనా ఒకటే కదా. కొడుకు మాత్రం పదిహేనేళ్ళకే ఎస్పాన్యోల్ క్లబ్బు గోల్ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

ఇక్కడో మాట. మా చిన్నప్పుడు రెండు చెప్పుల జతలు అటొకటి ఇటొకటి పెడితే అదే గోల్. దాని ముందు నిలబడడానికి ఎవడూ ఒప్పుకునేవాడు కాదు. ఆలస్యంగా వచ్చినవాణ్ణో, పరుగు రానివాణ్ణో అక్కడికి నెట్టేవాళ్ళం. నేను చాలాసార్లు నిలబడ్డాను, కారణం అడక్కండి. అందుకే కోరి కోరి ఆ చోటు ఎంచుకున్నవాళ్ళంటే నాకు మొదట్నుంచీ ఓ ఆశ్చర్యం. జమోరా ఆ చోటుని పెళ్ళిపీటలా అలంకరించుకున్నాడు. నెత్తిన గుడ్డ టోపీ, మెడ దాకా మూసుకునే తెల్లటి ఊలు చొక్కా. బంతిని మోచేత్తో కొట్టి పంపడం అతని ప్రత్యేకత, దానికి జనం ‘జమోరానా’ అని అతని పేరే పెట్టేశారు. అతనికి పెట్టిన బిరుదైతే ఏకంగా ‘దివ్యుడు’.

1920లో బెల్జియంలోని ఆంట్‌వర్ప్ ఒలింపిక్స్. అప్పటిదాకా స్పెయిన్‌కి జాతీయ ఫుట్‌బాల్ జట్టే లేదు. తొలి ఆట డెన్మార్క్‌తో, ఒకటి సున్నాతో గెలిచారు. గోల్‌లో పందొమ్మిదేళ్ళ కుర్రాడు. ఆ జట్టు చివరికి వెండి పతకంతో తిరిగొచ్చింది. మన కుర్రాడు ఊరికే ఉన్నాడా? ఇటలీతో ఆటలో ఎదుటివాణ్ణి గుద్ది మైదానం బయటికి పోయాడు. అది చాలదన్నట్టు తిరుగు ప్రయాణంలో హవానా చుట్టలు దొంగతనంగా దాటించబోయి పట్టుబడి, కటకటాలూ చూశాడు, జరిమానా కూడా కట్టాడు. పొగా, కొన్యాకూ జీవితాంతం వదల్లేదు. ఇప్పటి ఆటగాళ్ళ చుట్టూ తిరిగే ఆహార నిపుణులు ఈ పేరా చదవకపోతేనే మంచిది.

కీర్తి అంటే మరీ ఇంతా అనిపించేంత కీర్తి. 1920ల్లో అతన్నే కథానాయకుణ్ణి చేసి ఓ సినిమా తీశారు. దాని పేరుకి అర్థం దాదాపు ‘ఎట్టకేలకు జమోరా పెళ్ళి’ అని. 1930లో ఎస్పాన్యోల్ నుంచి మాడ్రిడ్ క్లబ్బుకి మారినప్పుడు లక్షా యాభై వేల పెసేటాలు చేతులు మారాయి. ఆ రోజుల్లో అది కళ్ళు తిరిగే మొత్తం, అదీ గోల్స్ కొట్టేవాడికి కాదు, ఆపేవాడికి. మరుసటి ఏడు స్పెయిన్‌లో రాచరికం పోయి నిసేతో అల్కలా జమోరా అనే ఆయన పెద్ద పదవికొచ్చాడు. ఆ వార్త మాస్కోలో స్టాలిన్‌కి చెబితే, ‘ఎవరు, ఆ గోల్‌కీపరా?’ అన్నాడని ఓ కథ. ఇలాంటి కథలకి సాక్షులు ఉండరు. ఉన్నా ఇలాంటి కథల్ని సాక్ష్యాల కోసం నమ్మం, బాగున్నాయని నమ్ముతాం.

అతని ఆట మీద ఓ నానుడి ఉండేది: ఒకటి సున్నా, గోల్‌లో జమోరా. అంటే మనవాళ్ళు ఒక్క గోల్ కొడితే చాలు, మిగతాది వెనకాల ఉన్నాయన చూసుకుంటాడని. 1931–32 లీగ్‌లో మాడ్రిడ్ పద్దెనిమిది ఆటల్లో ఒక్కటీ ఓడలేదు, మొత్తమ్మీద పదిహేను గోల్సే ఇచ్చింది. అలాగని అతణ్ణి దేవుణ్ణి చేసేయకండి. 1929 మే 15న మాడ్రిడ్‌లో ఇంగ్లండ్‌ని 4–3తో ఓడించారు, ఐరోపా ఖండం నుంచి ఓ జట్టు ఇంగ్లండ్‌ని ఓడించడం అదే మొదలు. ఆ రోజు రొమ్ము ఎముక విరిగినా జమోరా ఆడాడు. బాగుంది. రెండున్నరేళ్ళ తర్వాత లండన్‌లో ఇంగ్లండ్ వాళ్ళు బాకీ తీర్చుకున్నారు, ఏడుకి ఒకటి. దివ్యుడి వెనక వలలో ఏడుసార్లు బంతి పడింది. ఈ రెండో ఆట గురించి స్పెయిన్‌లో ఎక్కువ కబుర్లు వినపడవు, ఎందుకో ప్రత్యేకంగా చెప్పాలా?

1934 ప్రపంచ కప్పు ఇటలీలో. మొదటి ఆటలో బ్రెజిల్‌ని 3–1తో ఇంటికి పంపారు. అందులో వాల్దెమార్ ది బ్రితో కొట్టిన పెనాల్టీని జమోరా ఆపేశాడు. ఈ వాల్దెమార్ పేరు గుర్తుపెట్టుకోండి. ఇరవై రెండేళ్ళ తర్వాత ఓ బక్కపలచని కుర్రాణ్ణి చేయి పట్టుకుని సాంతోస్ క్లబ్బుకి తీసుకెళ్ళింది ఆయనే. ఆ కుర్రాడు పెలే. పక్కదారి పట్టాను, వస్తున్నాను. తర్వాతి ఆట ఫ్లోరెన్స్‌లో ఇటలీతో. ముస్సోలినీ ఏలుబడిలో ఇటలీ ఓడడమన్నది ఊహకి అందని సంగతి. ఆట కాదు, కుమ్ములాట. 1–1 దగ్గర ఆగింది. మర్నాడే మళ్ళీ ఆడాలన్నారు. దెబ్బలతో జమోరా లేవలేకపోయాడు, స్పెయిన్ జట్టులో ఇంకా చాలామంది కూడా. మర్నాడు ఒక్క గోల్‌తో ఓడిపోయారు. ఆ ఏడే స్పెయిన్ గణతంత్రం అతనికి పతకం ఇచ్చి గౌరవించింది. ఈ పతకాన్ని కూడా గుర్తుపెట్టుకోండి, పని ఉంది.

ఇప్పుడు ఓ పేరుపడ్డ ఫోటో దగ్గరికొద్దాం. 1936 జూన్ 21, వాలెన్సియాలోని మెస్టాయా మైదానం, స్పెయిన్ కప్పు ఫైనల్. ఇటు మాడ్రిడ్, అటు బార్సిలోనా. మాడ్రిడ్ 2–1తో ముందుంది, కానీ మైదానంలో పదిమందే మిగిలారు. ఆట అయిపోవస్తుండగా బార్సిలోనా కుర్రాడు ఎస్కోలా దగ్గర్నుంచే గోల్ మూలకి గట్టిగా కొట్టాడు. జమోరా అటు దూకాడు. ఎండిన నేల, దుమ్ము లేచి గోల్ అంతా కప్పేసింది. చూసేవాళ్ళకి మనిషీ కనబడలేదు, బంతీ కనబడలేదు. గోలే అనుకున్నారు. దుమ్ము కాస్త తేరుకున్నాక చూస్తే బంతి అతని చేతుల్లో ఉంది. అప్పుడు తీసిన ఫోటో ఇప్పటికీ ఆ దేశంలో అందరికీ తెలుసు. ముప్పై అయిదేళ్ళ వయసు, కెరీర్ చివర, ఇంతకన్నా మంచి ముగింపు ఏ రచయితా రాయలేడు.

నెల తిరక్కుండానే అంతర్యుద్ధం మొదలైంది.

జమోరా అప్పటికే ‘యా’ అనే క్యాథలిక్ పత్రికలో రాస్తుండేవాడు. మాడ్రిడ్ గణతంత్రం వైపు ఉంది, ఆ పత్రిక అటు వైపుది కాదు. చాలు, ఆ రోజుల్లో అంతకన్నా పెద్ద నేరం అక్కర్లేదు. పట్టుకెళ్ళి మోడెలో జైల్లో పడేశారు. ఈలోగా గణతంత్రం మీద తిరగబడ్డ జనరల్ ఫ్రాంకో వైపు వాళ్ళు, జమోరాని ఎర్రవాళ్ళు, అంటే గణతంత్రం వాళ్ళు, చంపేశారని ప్రచారం చేశారు. అతని ఆత్మశాంతికి ప్రార్థనలు కూడా జరిగాయి. మనిషి బతికే ఉన్నాడు, జైలు గదిలో. పతకం ఇచ్చిన వైపు బంధించింది, బంధించని వైపు చంపేసి ఏడ్చింది. ఆ జైలుకి ఆ రోజుల్లో ఎలాంటి పేరంటే, ఆ నవంబరులో అక్కడి నుంచి ఖైదీల్ని బస్సుల్లో ఎక్కించి తీసుకెళ్ళి ఊరి బయట పారకువెల్యోస్ దగ్గర కాల్చి చంపారు. పిలుపొస్తే ఎటు వెళ్తున్నారో లోపలివాళ్ళకి తెలుసు.

ఇక్కడే ఓ విచిత్రమైన మనిషి కథలోకి వస్తాడు. పెద్రో లూయీస్ దె గాల్వెస్, కవి. చేతిలో చిల్లిగవ్వ ఉండని దేశదిమ్మరి, కాఫీ హోటళ్ళలో స్నేహితుల దగ్గర అప్పులు చేసి బతికిన మనిషి. చనిపోయిన పసిబిడ్డని పెట్టెలో పెట్టుకుని, అంత్యక్రియలకి డబ్బు కావాలంటూ హోటల్ హోటల్‌కీ తిరిగాడని అతని మీద ఓ కథ ఉంది. యుద్ధం రాగానే తుపాకులు దోపుకుని గణతంత్రం వైపు ప్రజాసైన్యం వాళ్ళతో తిరగడం మొదలెట్టాడు. ఆ గాల్వెస్ జైలుకొచ్చి అందరి ముందూ జమోరాని కౌగలించుకుని, ఇతను నా స్నేహితుడు, నా ఆకలి తీర్చినవాడు, ఇతని మీద చెయ్యి పడనివ్వను అన్నాడని చెబుతారు. మాటలు అటూ ఇటూ అయినా చెయ్యి మాత్రం పడలేదు. జమోరా బయటపడ్డాడు. అర్జెంటీనా రాయబార కార్యాలయంలో తలదాచుకుని, వాళ్ళ ఓడలోనే ఫ్రాన్సు చేరాడు. అక్కడ నీస్ పట్టణం క్లబ్బులో పాత మిత్రుడు హోసెప్ సమిత్యేర్‌తో కలిసి మళ్ళీ కొన్నాళ్ళు ఆడాడు.

ఫ్రాంకో గెలిచి యుద్ధం ముగిశాక తిరిగొచ్చి కోచ్ అయ్యాడు. గోల్‌కీపర్లు మంచి కోచ్‌లవుతారా అనే చర్చ మీకు తెలిసిందే. నా లెక్క ప్రకారం, తొంభై నిమిషాలు వెనక నిలబడి మిగతా పదిమంది తప్పులూ చూస్తూ అరవడమే వాళ్ళ పని, కోచ్ పనీ అదే, కుర్చీ ఒక్కటే తేడా. అతని చేతికొచ్చిన జట్టు మాత్రం మామూలుది కాదు. మాడ్రిడ్‌లోని అట్లెటికో క్లబ్బు 1936లో పై డివిజన్ నుంచి జారిపోయింది. అప్పుడు కోచ్ ఎవరనుకున్నారు, ఇందాకటి సమిత్యేరే. ఆ తర్వాత యుద్ధంలో వాళ్ళ ఆటగాళ్ళు కొందరు పోయారు, మైదానం పాడైంది, చేతిలో డబ్బు లేదు. అటు ఫ్రాంకో వైమానిక దళానికి ఓ మంచి జట్టుంది, లారీలున్నాయి, పెట్రోలుంది, ఆడడానికి లీగ్‌లో చోటు లేదు. గుడ్డివాడూ కుంటివాడూ కలిసి ప్రయాణం చేసిన కథ మీరు వినే ఉంటారు. రెండూ కలిసి అట్లెటికో అవియాసియోన్ అయ్యాయి. ఓవియేదో జట్టు మైదానం యుద్ధంలో నాశనమవడంతో పై డివిజన్‌లో ఓ చోటు ఖాళీ అయింది. ఆ చోటు కోసం ఒసాసూనాతో ఆడి 3–1తో గెలుచుకున్నారు.

అలా సందులోంచి లోపలికి జొరబడ్డ జట్టు ఏం చేసిందో చూడండి. 1939–40 లీగ్, పన్నెండు జట్లు, ఇరవై రెండు ఆటలు. ఆఖరి రోజు వచ్చేసరికి అట్లెటికోకీ, సెవియాకీ చెరి ఇరవై ఏడు పాయింట్లు. ఏప్రిల్ 28న అట్లెటికో వాలెన్సియాని 2–0తో కొట్టింది, సెవియా ఆట డ్రా అయింది. ఒక్క పాయింటు తేడాతో టైటిల్. ఆ క్లబ్బు చరిత్రలోనే అది మొదటి లీగ్. మరుసటి ఏడు కూడా వాళ్ళదే. రెండుసార్లూ బెంచీ మీద జమోరానే.

మొదటి లీగ్ గెలిచిన ఆ ఏప్రిల్ నెలలోనే ఫ్రాంకో ప్రభుత్వం గాల్వెస్‌ని కాల్చి చంపింది. చెయ్యని ఘనకార్యాలు కూడా చేశానని గొప్పలు పోయే నోరు అతని కొంప ముంచిందంటారు. ఇరవై ఏళ్ళ పాటు దేశమంతా ఆపినవాడు అని పొగిడిన మనిషి, ఆ ఒక్కదాన్ని ఆపగలిగి ఉండేవాడా? ఆ రోజుల్లో ఒక ఫుట్‌బాల్ కోచ్ మాటకి ఎంత బరువుంటుందో ఊహించుకుంటే ఆ ప్రశ్న అడగడమే అన్యాయం అనిపిస్తుంది. అయినా ఆ లీగ్ ఫలితాలు చదివినప్పుడల్లా ఆ నెల పేరు దగ్గర నా చూపు ఆగుతుంది.

తర్వాతి జీవితం గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే అది గబగబానే నడిచింది. సెల్తా జట్టుకి కోచ్‌గా 1948లో కప్పు ఫైనల్ దాకా తీసుకెళ్ళి సెవియా చేతిలో ఓడిపోయాడు. 1952లో జాతీయ జట్టు బాధ్యత కొన్నాళ్ళు. సొంత గూడు ఎస్పాన్యోల్‌లో మరి కొన్నాళ్ళు. ఫ్రాంకో ప్రభుత్వం కూడా ఓ పతకం తగిలించింది. చూశారా, రెండు స్పెయిన్‌లూ ఒకే ఛాతీ మీద. 1950ల చివర్లో మార్కా అనే క్రీడా పత్రిక, ఆటకి సగటున అందరికన్నా తక్కువ గోల్స్ ఇచ్చిన కీపర్‌కి ఏటా జమోరా పేరు మీద ట్రోఫీ ఇవ్వడం మొదలెట్టింది. ఇప్పటికీ ఇస్తున్నారు, అట్లెటికో కీపర్ ఒబ్లాక్ పలుమార్లు అందుకున్నాడు. లండన్‌లోని ఆ ఏడు గోల్స్ మాత్రం ఏ సగటులోకీ రావు, అది లీగ్ ఆట కాదు కదా. బతికున్న మనిషి పేరు మీద ట్రోఫీ అంటే కాస్త ఇబ్బందే. అయితే చనిపోయానని ఓసారి ముందే ప్రార్థనలు జరిపించుకున్నవాడికి ఇదో లెక్కా! నిజంగా పోయింది 1978 సెప్టెంబర్ 8న, పుట్టిన బార్సిలోనాలోనే.

వెళ్ళేముందు ఒక్క సంగతి. జమోరాకి ఓ కొడుకుండేవాడు, వాడి పేరూ రికార్డోయే, వాడూ గోల్‌కీపరే. తండ్రి గారి ముందు బ్యాక్‌లో నిలబడి ఏళ్ళ తరబడి కాపలా కాసిన హసింతో కింకోసెస్‌కి ఓ మేనల్లుడుండేవాడు, వాడూ డిఫెండరే. 1963 జూన్‌లో వాలెన్సియా జట్టు ఐరోపా క్లబ్బుల ఫెయిర్స్ కప్పు ఫైనల్ రెండో అంచె ఆడింది, జాగ్రెబ్ వాళ్ళతో. మైదానం మెస్టాయా, ఆ దుమ్ము లేచిన చోటే. జట్టు జాబితా చదివితే ముందు జమోరా, కాస్త కిందకి కింకోసెస్. 2–0. ఒక్క గోల్ కూడా పోలేదు.