పుస్తకాలకు బారసాల చేసే ఊరు

లండన్‌లో ఒక పుస్తకం అచ్చయిందనుకోండి. నెలలోగా దాని ప్రతి ఒకటి బ్రిటిష్‌ లైబ్రరీకి ఇవ్వాలి. అది చట్టం. లైబ్రరీ లండన్‌ నడిబొడ్డునే ఉంది. కానీ కాగితం పుస్తకమైతే పార్శిల్‌ మీద రాసే చిరునామా వేరు... బోస్టన్‌ స్పా, వెదర్‌బీ! దాదాపు 300 కిలోమీటర్ల అవతల, యార్క్‌షైర్‌లోని ఓ పల్లె అది.

సెయింట్‌ పాన్‌క్రాస్‌లో లైబ్రరీ గేటు దాటి నాలుగడుగులు వేస్తే కింగ్స్‌ క్రాస్‌ స్టేషన్‌. అక్కడ రైలెక్కితే రెండుంబావు గంటల్లో లీడ్స్‌. ఆపైన రోడ్డు ప్రయాణమే. వెదర్‌బీ మీదుగా వెళ్లే రైలు 1964లోనే ఆగిపోయింది. లేత పసుపు సున్నపురాయితో కట్టిన ఇళ్లు, పక్కనే వార్ఫ్‌ నది... చూడముచ్చటగా ఉంటుంది బోస్టన్‌ స్పా. 1744లో జాన్‌ షైర్స్‌ అనే ఆయనకు ఇక్కడ ఖనిజ జలాల ఊట కనిపించిందట. రోగాలు పోతాయని జనం స్నానాలకు తరలివచ్చారు. ఆ వైభవం తర్వాత హారోగేట్‌కు వెళ్లిపోయింది.

తమాషా ఏమిటంటే లైబ్రరీ అసలు ఈ ఊళ్లో లేదు! రాతి వంతెన మీద నది దాటి, థార్ప్‌ ఆర్చ్‌ వైపు వెళ్లాలి. శ్రీకాకుళం రోడ్‌ స్టేషన్‌ ఆమదాలవలసలో ఉన్నట్టన్నమాట.

మందుగుండు నేల

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇది మందుగుండు కర్మాగారం. గుండ్లలో మందు కూరే పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఒకచోట పేలినా మరోచోటికి నిప్పు పాకకుండా కట్టడాలను దూరదూరంగా కట్టి, చుట్టూ మట్టిగట్లు పోశారు. పక్కనున్న ఎస్టేట్‌లో గడ్డి మొలిచిన ఆ గుట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1962లో ఈ నేల మీద సైన్సు పత్రికల్ని అరువిచ్చే జాతీయ లైబ్రరీ అధికారికంగా మొదలైంది. దాని సారథి డొనాల్డ్‌ అర్కుహార్ట్‌. 1973లో అది బ్రిటిష్‌ లైబ్రరీలో కలిసింది.

లండన్‌లో చోటు బంగారం. పాఠకుడి కంటపడని పని అక్కడే ఎందుకు జరగాలన్న ప్రశ్న వచ్చింది. 1990ల మొదట్లో పుస్తకాలు అందుకునే విభాగం, కేటలాగు పని ఇక్కడికి వచ్చేశాయి. కాగితం మీద అది విభాగం బదిలీ. మనుషులకు మాత్రం ఊరు వదులుకోవాలా, ఉద్యోగం వదులుకోవాలా అన్న తకరారు.

ఇంతకీ ఏమిటా పని? పార్శిల్‌ విప్పాలి, నమోదు చేయాలి, విషయం పోల్చుకోవాలి, డ్యూయీ నంబరు వేయాలి. ఒక్కమాటలో పుస్తకానికి బారసాల! వినడానికి తేలికే. కానీ ఒక పుస్తకం మీద శ్రీశ్రీ అని, మరోదాని మీద శ్రీరంగం శ్రీనివాసరావు అని ఉంటే ఇద్దరూ ఒకరేనని ఎవరో ఒకరు రాసిపెట్టాలి. రాయకపోతే సగం పుస్తకాలు పాఠకుడికి లేనట్టే. ఆ పాఠకుడు ఎదుట ఉంటే ఏ పేరుతో వెతుకుతున్నాడో, ఎక్కడ తడబడుతున్నాడో తెలుస్తుంది. అతను 300 కిలోమీటర్ల దూరంలో ఉంటే? ఊహించుకోవాల్సిందే. దూరం వల్ల పోయింది అదే.

అరలో ఉంది... దొరకదు!

ఇప్పుడు ఇక్కడ మనుషులు తిరగని గోదాములూ ఉన్నాయి. 2009లో తెరిచిన భవనంలో 262 కిలోమీటర్ల అరలు. 2015లో వార్తాపత్రికల భవనం వచ్చింది. అందులో 33 కిలోమీటర్ల అరల్లో దాదాపు 6 కోట్ల సంచికలు. నిప్పు అంటుకోకుండా లోపలి గాలిలో ఆక్సిజన్‌ తగ్గిస్తారు. పెట్టెలు తీసేదీ పెట్టేదీ మరక్రేన్లే. ఏ పెట్టె ఎక్కడుందో కంప్యూటర్‌కే ఎరుక.

2023 అక్టోబరులో ఆ కంప్యూటర్ల మీద సైబర్‌ దాడి జరిగింది. కేటలాగు మాయమైంది. 2024 జనవరిలో తిరిగి కనిపించినా, బోస్టన్‌ స్పాలోని పుస్తకాలు కొన్ని నెలలపాటు లండన్‌ పాఠకులకు అందలేదు. ఒక్క పుస్తకమూ కాలిపోలేదు. ఒక్కటీ దొంగలు ఎత్తుకుపోలేదు. అన్నీ అరల్లోనే చల్లగా ఉన్నాయి. అయినా చేతికి రాలేదు! ఏ మూలనో కూర్చుని కార్డుకెక్కించే గుమాస్తా పని విలువ అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

సెయింట్‌ పాన్‌క్రాస్‌కు సందర్శకులకు కొదవలేదు. ఇటు వచ్చేవాళ్లు తక్కువ. కానీ ఇక్కడా ఓ రీడింగ్‌ రూమ్‌ ఉంది. అక్కడ కాసేపు కూర్చుని పుస్తకం తిరగేసి, బయటికొచ్చి ఆ మట్టిగట్లను చూసి రావచ్చు. ఒకప్పుడు మందుగుండుకు కాపలా కాసిన నేల... ఇప్పుడు అక్షరాలకు కాస్తోంది.