కోట ఉంది, సినిమా లేదు

పుణెకు 30 కిలోమీటర్ల దూరాన ఆత్కర్‌వాడి. అక్కడ కొండ ఎక్కడం మొదలుపెట్టేసరికి ఇంకా తెల్లారలేదు. కావాలనే ఆ వేళకు వెళ్లాను. 1670 ఫిబ్రవరిలో మరాఠా సేనాని తానాజీ మాలుసరే మనుషులు ఈ సింహగడ్ కోటను పట్టుకోవడానికి యుద్ధానికి దిగి, కొండ ఎక్కింది చీకట్లోనే. చేతిలో టార్చి ఉండి కూడా నాకు రెండుసార్లు కాలు జారింది.

నిజానికి నేను వచ్చింది తానాజీ కోసం కాదు, బాబూరావు పెయింటర్ కోసం. కొల్హాపూర్‌లో సొంతంగా కెమెరా తయారుచేసుకున్న మనిషి. 1923లో ఆయన తీసిన మూకీ ‘సింహగడ్’ది ఈ యుద్ధం కథే. హరి నారాయణ్ ఆప్టే నవల దానికి ఆధారం.

అప్పట్లో షూటింగంటే ఎండే దిక్కు. మబ్బు పట్టిందంటే పని ఆగినట్టే. మరి రాత్రి యుద్ధం తీసేదెట్లా? పెయింటర్ ఆర్క్ దీపాలు వెలిగించాడు. మన దేశంలో దీపాల వెలుగులో సినిమా తీయడం అదే మొదలని చరిత్రకారులు చెబుతారు. చీకటిని చూపించడానికి దీపాలు కావలసివచ్చాయన్నమాట! తర్వాత పెద్ద దర్శకుడైన శాంతారాం అప్పటికి ఇరవై దాటిన కుర్రాడు; అందులో తానాజీ వెంట పోరాడిన ముసలి శేలార్ మామ వేషం ఆయనదే. ఆ వేషం ఆయనకెలా నప్పిందో చూడాలని నాకు మహా కోరిక. జనం విరగబడటం చూసే బొంబాయి సర్కారుకు వినోదపు పన్ను ఆలోచన పుట్టిందనీ అంటారు.

పైన జొన్నరొట్టె, శనగపిండి పిఠ్లా, కుండ పెరుగు అమ్మే పెద్దావిడ ఉడుము కథ చెప్పింది. తానాజీ మనుషులు పైకెక్కడానికి దాని నడుముకు తాడు కట్టి కోట గోడ మీదికి వదిలారట. సినిమా సంగతి ఎత్తాను.

“అజయ్ దేవగణ్‌దేనా బాబూ?” అంది.

ఆవిడకు తెలిసింది ఈ కాలపు తానాజీ సినిమాయే. తప్పు ఆవిడది కాదు. పాత నైట్రేట్ ఫిలిం ఇట్టే అంటుకునే సరుకు. టాకీలు రాగానే మూకీలను అడిగేవాడు లేకపోయాడు. వెండి కోసం ఎన్నో రీళ్లను కరిగించేశారు. మన దేశంలో తీసిన దాదాపు 1300 మూకీల్లో ఇప్పుడు చూడటానికి దొరికేవి ముప్పై కూడా ఉండవు. ‘సింహగడ్’ వాటిలో లేదు. తెలుగు సినిమాకు ఆద్యుడైన రఘుపతి వెంకయ్యగారబ్బాయి ప్రకాశ్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ కూడా లేదు.

మీ అటక మీద తాతలనాటి ఫిలిం డబ్బాలేవైనా ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు కబురు చేయండి. అందాకా పొయ్యికి మాత్రం దూరంగా ఉంచండి.