నా సంచిలో గింజలే కొలవాలి!

మొన్న అరకు సంతలో రాజ్‌మా గింజలు కొన్నాను. నాలుగడుగులు వేశాక సంచి తేలిగ్గా అనిపించింది. వెనక్కి వెళ్లి మొహమాటపడుతూనే అడిగాను. గింజలమ్మే అవ్వ విసుక్కోలేదు. నా సంచిలో గింజలే గోనెపట్టా మీద కుమ్మరించి, "నువ్వే కొలుచుకో తల్లీ" అంటూ సోల నా చేతికిచ్చింది. కొలత సరిగ్గానే ఉంది. సిగ్గేసింది గానీ మనసు కుదుటపడింది.

ఇది మీకెందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో ఎన్నికల గొడవ ఇంకా చల్లారలేదు. 2019లో మా మరిది "అంతా మిషన్ల మోసం" అన్నాడు. 2024లో అదే మాట మా ఆయన అందుకున్నారు. ఆ ఏడు రాష్ట్రం మొత్తం మీద 175లో 11 స్థానాలే దక్కిన వైఎస్సార్ కాంగ్రెస్, ఇక్కడ అరకు, పాడేరు అసెంబ్లీలూ, అరకు ఎంపీ సీటూ గెలిచింది. "మరి ఇక్కడి మిషన్ల సంగతేమిటండీ?" అంటే జవాబు లేదు!

అలాగని అడిగినవాళ్ల నోరు మూయించడమూ పద్ధతి కాదు. ఓటేశాక 7 సెకన్లు కనిపించే చీటీ ఉంది కదా! అసెంబ్లీ స్థానానికి 5 మిషన్ల చీటీలు లెక్కించాలని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మనం మెతుకు పట్టి చూసినట్టన్నమాట. రెండు, మూడు స్థానాల్లో నిలిచినవారు ఖర్చు కట్టి 5 శాతం మిషన్లను పరీక్షించమని కోరవచ్చని 2024 ఏప్రిల్‌లో మరో వీలు కల్పించింది.

ఆ ఏడే ఒంగోలులో ఓడిన బాలినేని శ్రీనివాసరెడ్డి 12 పోలింగ్ కేంద్రాల మిషన్లు తనిఖీ చేయమన్నారు. అధికారులు వాటిలో కొత్తగా నమూనా ఓట్లు వేసి చూపుతామన్నారు. పోలింగ్ నాటి చీటీలే లెక్కించాలంటూ ఆయన హైకోర్టుకెళ్లారు. మోసం జరిగిందని నేననడం లేదు. కొత్త ఓట్లతో మిషన్ పనితనం తెలుస్తుందేమో గానీ, అడిగిన ప్రశ్నకు అది జవాబవుతుందా? నా సంచి పక్కన పెట్టి, అవ్వ వేరే గింజలు కొలిచి చూపిస్తే నేను ఊరుకునేదాన్నా?

మా అమ్మాయికి ఈమధ్యే ఓటు వచ్చింది. "ఎవరికి వేస్తే ఏముందమ్మా, అనుకున్నవాళ్లే గెలుస్తారు" అంటోంది. నా గుండె కలుక్కుమంది. దాని అనుమానం ఉపన్యాసాలతో పోదు. అడిగినదాన్నే, అడిగినవాళ్ల కళ్లముందే లెక్కపెట్టి చూపిస్తే పోతుంది. లెక్క సరిగ్గా ఉంటే సిగ్గుపడేది అడిగినవాళ్లే కదా, నాలాగా!

మీరేమంటారు?