కాకి ముట్టని పిండము

మన ఆచారములో ఒక వైచిత్ర్యము కలదు. ఏ పక్షి ఎంగిలిని, కళేబరమును ముట్టునని అశుచిగా భావించి నిత్యము పిట్టగోడపై నుండి తరిమివేయుచున్నామో, పితృకార్యమునాడు ఆ పక్షి కొరకే చేతులు జోడించి నిరీక్షించుచున్నాము. ఆ ఒక్క దినము అది వ్రాలినచో పితరులు తృప్తులైరందుము. వ్రాలనిచో కారణము వెదకుదుము.

మా తండ్రిగారు చికిత్స నిమిత్తము వెళ్ళిన నగరములోనే దేహము చాలించిరి. దశాహము అచ్చటనే, మాకు పరిచయము లేని ఒక చెరువుగట్టున జరిగినది. పిండము నుంచి గంటకు పైగా వేచియుంటిమి. కాకులు చెట్టుకొమ్మపై నుండి చూచుచుండినవే గాని దిగలేదు. "వదినా, అన్నయ్య ఏదైనా అడిగాడేమో గుర్తు చేసుకో" అని మా మేనత్త అనినది. అందరి చూపులు మా అమ్మగారిపై నిలిచినవి. నలువది సంవత్సరములు ఆయనను సేవించిన ఆమె, తానేమి లోపము చేసితినా యని కుమిలిపోయినది. తుదకు పురోహితుల అనుమతితో పిండమును నీటిలో విడిచితిమి.

మాసికము మా ఊరి ఇంటిలో జరిగినది. అమ్మగారు ముద్దను గోడపై నుంచి వెనుకకు తిరుగులోపలనే కాకి వ్రాలినది. ప్రతిదినము తాను భుజించుటకు ముందు అచ్చట ఒక ముద్ద నుంచుట ఆమె నియమము. ఆ కాకులు ఆమెను ఎరుగును.

ఇది ఊహ కాదు. 2006లో అమెరికాలోని సియాటిల్ నగరమున, వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ మార్జ్‌లఫ్ బృందము ఒక ముఖతొడుగు ధరించి 7 కాకులను పట్టి, కాళ్ళకు గుర్తుకడియములు తొడిగి విడిచినది. పిదప ఆ తొడుగుతో ఎవరు నడచినను కాకులు గుమిగూడి అరచినవి. సంవత్సరములు గడచినను మరువలేదు. పట్టుబడని కాకులును, పిల్లకాకులును తోటివాని నుండి ఆ ముఖమును నేర్చుకొనినవి. క్రొత్త స్థలమును, క్రొత్త వస్తువును, క్రొత్త మనుష్యుని శంకించుట కాకికి సహజము. ఆ శంకయే దానికి ప్రాణరక్షణము.

కాకి ప్రజ్ఞను మన పెద్దలు తక్కువగా ఎంచలేదు. యోగవాసిష్ఠములోని నిర్వాణ ప్రకరణమున వసిష్ఠ మహర్షి స్వయముగా మేరుశిఖరమున కేగి, కల్పవృక్షముపై నివసించు భుశుండుడను కాకిని చిరజీవనమునకు హేతువేమని ప్రశ్నించెను. ప్రాణాపానముల గతిని ఎడతెగక గమనించుటయే తన సాధన యని భుశుండుడు చెప్పెను. బ్రహ్మర్షి కాకి వద్ద వినెను. మనము కాకి చేత తీర్పు చెప్పించుచున్నాము.

శ్రాద్ధమునందు నాకు విశ్వాసము కలదు. అయితే పరిచయము లేని చెరువుగట్టున కాకి దిగకపోవుట మృతుని అతృప్తికి గాని, భార్య లోపమునకు గాని సాక్ష్యము కాజాలదు. దుఃఖములో ఉన్న స్త్రీని ఆ మాటతో బాధించుట ఏ శాస్త్రమునకును సమ్మతము కాదు. భూతయజ్ఞము పంచమహాయజ్ఞములలో ఒకటి. అది నిత్యకర్మగా విధింపబడినది. సాధకులారా, రేపు ఉదయము భోజనమునకు ముందు ఒక ముద్ద గోడపై నుంచుడు. మొదటి దినములలో కాకి రాకపోవచ్చును. మానకుడు.