నవ్వులాయన కంటతడి

పల్నాడు వాళ్ళకు పౌరుషమేగాని హాస్యం తెలియదని బయటి వూళ్ళవాళ్ళు అంటూ వుంటారు. అననివ్వండి! బ్రహ్మానందంగారు పుట్టింది మా సత్తెనపల్లి దాపున చాగంటివారిపాలెంలోనేనండీ. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పుకునే ఆ మేష్టారు 1987లో జంధ్యాలగారి ‘అహ నా పెళ్ళంట’లో అరగుండు వేషం కట్టారు. పిసినారి యజమాని కోట శ్రీనివాసరావుగారి దగ్గర ఆయన పడిన పాట్లకు ఆంధ్రదేశం పొట్ట పట్టుకున్నది. ఆ తరువాత ఆయన నోరు విప్పకముందే హాల్లో ఈలలు. 2009లో పద్మశ్రీ కూడా వచ్చింది.

మా బాబాయి కూడా అలాంటివాడే. పెళ్ళివారి విడిదిలో ఆయన లేనిదే సందడి లేదు. పిన్ని పోయిన పదోరోజున ఆయన ఏదో చెప్పబోతే, అలవాటుకొద్దీ ఇద్దరు చుట్టాలు నవ్వేశారు. “నన్ను ఏడవనివ్వండర్రా!” అన్నాడు. దానికీ నవ్వారు.

2023లో కృష్ణవంశీగారి ‘రంగమార్తాండ’ వస్తే నరసరావుపేటలో ఇద్దరం చూశాము. అందులో బ్రహ్మానందంగారు రంగస్థల నటుడు. ఆయన కనబడగానే వెనుక ఎవరో కిసుక్కుమన్నారు. ఆస్పత్రి మంచంమీద ఆయన స్నేహితుడు ప్రకాష్‌రాజ్‌గారితో మాట్లాడే ఘట్టం వచ్చేసరికి హాల్లో చీమ చిటుక్కుమంటే వినపడేట్లున్నది. ముక్కులు చీదుకోవడం మాత్రం వినిపించింది. నన్నడిగితే, నవ్వించిన వేషాలన్నీ ఒక ఎత్తు, ఆ మంచం ఒక ఎత్తు.

ఆట అయిపోయి జనమంతా వెళ్ళిపోతున్నా బాబాయి లేవలేదు.

“మనవాణ్ణి ఇన్నాళ్ళకు ఏడవనిచ్చార్రా,” అన్నాడు, పైపంచెతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ.