బాణీ ఉంటే చాలు!

చూడని దేశం, తెలియని యాస. పైగా చాలాసార్లు పాటకు మాటలే ఉండవు, ఉత్త బాణీ! ఎడిన్‌బరో నుంచి జార్జ్ థామ్సన్ వియన్నాలోని బీథోవెన్‌కి పంపింది అదే. ఆ జానపదాలకు పియానో, వయొలిన్, చెల్లో సహకారం సమకూర్చాలి. 1809 నుంచి దాదాపు పదేళ్లు సాగిందీ పని. మాటలు కూడా పంపమని బీథోవెన్ పోరు. మా ఊరి అమ్మాయిలు వాయించలేరు, కాస్త తేలిక చేయమని థామ్సన్ గోల. రాసింది దిద్దడం తన అలవాటు కాదన్నాడు బీథోవెన్, 1813లో. 1818లో పాతిక స్కాటిష్ గీతాలు అచ్చయ్యాయి. కొత్త సంవత్సరం రాత్రి చాలా దేశాల్లో పాడుకునే 'ఆల్డ్ లాంగ్ సైన్'కీ ఆయన చేయి తగిలింది.

పల్లె పాటకు ఈ హంగులెందుకని పెదవి విరిచేవాళ్లున్నారు. నాకు మాత్రం అసూయే. మా ఇంట్లో కథ తిరగబడింది మరి. నాయనమ్మ తిరగలి పాటల్ని మేనత్త నోటుబుక్కులో రాసిపెట్టింది. మాటలన్నీ భద్రం. బాణీలు నాయనమ్మతోనే వెళ్లిపోయాయి. హంగులు నచ్చకపోతే తీసేసి పాడుకోవచ్చు. బాణీయే లేకపోతే ఏ బీథోవెన్ మాత్రం ఏం చేస్తాడు?

మీ ఇంట్లో పాడే పెద్దవాళ్లున్నారా? రాసుకోవడంతో ఆగకండి. ఫోను దగ్గర పెట్టి, ఒక్కసారి పాడించండి.